ద్రాస్ చలి నుంచి సముద్రపు ఒడ్డుకు: కళింగపట్నమా, బారువా?

పాలకొండ జవాను (ప్రశ్న)

సభ్యులందరికీ నమస్కారం.

నేను సైన్యంలో హవల్దారును. వచ్చే మార్చి నెలాఖరుకు 24 ఏళ్ల సర్వీసు ముగించుకొని ఇంటికి వస్తున్నాను. ఇందులో తొమ్మిది చలికాలాలు లద్దాఖ్‌లోను, కశ్మీరు ఎగువ ప్రాంతాలలోను గడిచాయి. వాటిలో రెండు ద్రాస్‌లో, ఒకటి సియాచిన్‌లో. నీళ్ల సీసాను స్లీపింగ్ బ్యాగులో ఒంటికి ఆనించుకొని పడుకోకపోతే తెల్లవారేసరికి రాయిలా గడ్డకట్టేది. బుఖారీ (గది వెచ్చబెట్టే ఇనుప పొయ్యి) వెలిగించి మంచు కరిగించుకుంటే తప్ప మొహం కడుక్కోవడానికి నీళ్లు ఉండేవి కావు. ఎడమచేతి రెండు వేళ్ల కొసల్లో నాకు ఇప్పటికీ స్పర్శ సరిగా తెలియదు. ఆ రాత్రుల్లో కాపలా కాస్తూ, ఉద్యోగం అయిపోయాక సముద్రపు ఒడ్డున, చొక్కా లేకుండా అరుగు మీద కూర్చోగలిగే చోట ఇల్లు కట్టుకోవాలని అనుకునేవాడిని.

మాది పాలకొండ దగ్గరి పల్లె, సముద్రానికి దూరం. అక్కడ నా వాటాకు వచ్చిన కొద్దిపాటి భూమిని అమ్మానాన్నలను చూసుకున్న అన్నయ్యకే వదిలేశాను. నా భార్య, పిల్లలు పదమూడేళ్లుగా విజయనగరంలో అద్దె ఇంట్లో ఉంటున్నారు. పాప తొమ్మిదో తరగతి, బాబు నాలుగో తరగతి చదువుతున్నారు.

ఇప్పుడు రెండు చోట్లు నా ముందున్నాయి, రెండూ శ్రీకాకుళం జిల్లా తీరంలోనే. నా భార్య పుట్టిల్లు సోంపేట మండలంలో ఉంది. బారువకు దగ్గరలో మా బావమరిది తోటను ఆనుకొని ఎకరం కొబ్బరితోట అమ్మకానికి వచ్చిందని, ఆలస్యం చేస్తే చేజారిపోతుందని అతను వారానికోసారి ఫోను చేస్తున్నాడు. రెండోది కళింగపట్నం. మా యూనిట్‌లోనే పనిచేసిన గార మండలం మిత్రుడు ఒడ్డుకు అర కిలోమీటరు లోపల పది సెంట్ల ఇంటి స్థలం చూపించాడు. కమ్యుటేషన్ (పింఛనులో కొంత భాగానికి బదులు ముందే తీసుకునే ఏకమొత్తం), గ్రాట్యుటీ, ప్రావిడెంట్ ఫండు కలిపి చేతికి వచ్చే సొమ్ముతో ఈ రెండింటిలో ఒకటే కుదురుతుంది. ఆ తరువాత నెలనెలా వచ్చే పింఛను మాత్రమే ఉంటుంది.

నాకున్న సందేహాలు చెబుతాను. మొన్న మే నెలలో సెలవుకు వచ్చినప్పుడు వారం రోజులు తల తిరిగింది, ఒళ్లంతా చెమటకాయలు లేచాయి. ఇన్నేళ్లు చలికి అలవాటుపడిన శరీరం ఈ ఉక్కపోతను శాశ్వతంగా ఓర్చుకోగలదా? స్థలం కొనే ముందు ఏమేమి చూడాలి? నలభై రెండేళ్ల వయసులో, తుపాకి తప్ప వేరే పని తెలియనివాడు తీరంలో ఏం చేసి బతకగలడు? అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

వంశధార ఒడ్డు

తమ్ముడూ, నేను కూడా సైన్యం నుంచి వచ్చినవాడినే. 2012లో నాయబ్ సుబేదారుగా విరమించి గార మండలంలో స్థిరపడ్డాను. మీ ప్రశ్న చదువుతుంటే నా మొదటి ఏడాది గుర్తుకు వచ్చింది, అందుకే కొంచెం పొడుగ్గా రాస్తున్నాను.

ముందు శరీరం సంగతి. లేహ్‌లో విమానం దిగిన జవానును నేరుగా పైకి పంపరని మీకు తెలుసు. మొదటి దశలో ఆరు రోజులు, ఆ పైన రెండో దశలో నాలుగు, మూడో దశలో నాలుగు, మొత్తం 14 రోజులు శరీరాన్ని అలవాటు చేశాకే పోస్టుకు ఎక్కనిస్తారు. మొదటి రెండు రోజులు పూర్తి విశ్రాంతి, ఆ తరువాత కొద్దిపాటి నడక. వేడికి అలవాటుపడటానికి కూడా శరీరానికి ఇంచుమించు రెండు వారాలు పడుతుంది. చెమట త్వరగా మొదలవడం, చెమటలో పోయే ఉప్పు తగ్గడం, గుండె వేగం నిలకడకు రావడం ఈ రోజుల్లోనే జరుగుతాయి. మీరు మే నెలలో వచ్చినప్పుడు పెళ్లిళ్లకనీ, చుట్టాల ఇళ్లకనీ మొదటి రోజు నుంచే ఎండలో తిరిగి ఉంటారు. కొండ మీద పాటించిన క్రమశిక్షణను ఇంటికి వచ్చాక మనం ఎవరమూ పాటించం. నేనూ పాటించలేదు, వచ్చిన నాలుగో రోజున స్థలం కొలతలు చూస్తూ మధ్యాహ్నం రెండింటికి పడిపోయాను.

మార్చి నెలాఖరుకు వస్తున్నారు కాబట్టి కాలం మీకు అనుకూలంగానే ఉంది. ఏప్రిల్ మొదటి రెండు వారాలు ఉదయం పది లోపల, సాయంత్రం నాలుగున్నర తరువాత మాత్రమే బయట పని పెట్టుకోండి. పొద్దున్న చోడి (రాగి) అంబలిలో మజ్జిగ, ఉప్పు కలుపుకొని తాగండి. లద్దాఖ్ గాలి పొడిగా ఉంటుంది గనుక పట్టిన చెమట పట్టినట్టే ఆరిపోయి ఒంటిని చల్లబరుస్తుంది. ఇక్కడ గాలిలోనే తడి ఉండటం వల్ల చెమట కారుతుందే గాని ఆరదు, అందుకే థర్మామీటరు 35 డిగ్రీలు చూపుతున్న రోజున కూడా లోపలి ఊళ్లలోని 40 కంటే ఎక్కువ బాధగా అనిపిస్తుంది. అయితే మధ్యాహ్నం దాటాక సముద్రం మీద నుంచి గాలి తిరుగుతుంది. ఆ గాలి వచ్చే వైపు కిటికీ ఉన్న ఇంటికీ, లేని ఇంటికీ ఉన్న తేడాను నేను రెండు ఇళ్లలో అద్దెకు ఉండి తెలుసుకున్నాను.

ఇక అసలు మాట. మొదటి ఏడాది ఏమీ కొనకండి. మీ మిత్రుడు చూపించిన చోటైనా సరే, మీ బావమరిది చెప్పిన తోటైనా సరే, అడ్వాన్సు కూడా ఇవ్వకండి. ఒక చిన్న ఇల్లు అద్దెకు తీసుకొని వైశాఖం నుంచి కార్తీకం దాకా ఉండి చూడండి. ఇక్కడ తుపానులు వచ్చేది ఆ నెలల్లోనే. ఫైలిన్ తుపాను 2013 అక్టోబరు 12న ఒడిశాలోని గోపాలపూర్ దగ్గర తీరం దాటింది. హుద్‌హుద్ 2014లో సరిగ్గా అదే తేదీన విశాఖపట్నం దగ్గర దాటింది. తిత్లీ 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున మన జిల్లాలోనే, పలాస ప్రాంతంలో దాటింది. గులాబ్ 2021 సెప్టెంబరు 26న కళింగపట్నానికి ఉత్తరాన దాటింది. దసరా దగ్గరపడిందంటే మా వీధిలో ఎవరూ దూర ప్రయాణాలు పెట్టుకోరు. బియ్యం, కిరసనాయిలు, కొవ్వొత్తులు, మంచినీళ్ల డబ్బాలు సిద్ధం చేసుకుంటాం, ఇంటిమీదికి వంగిన కొమ్మలు నరికిస్తాం. ఆ గాలి చప్పుడు ఒక్క రాత్రి విన్న తరువాత కూడా ఇక్కడే ఉండాలనిపిస్తే, అప్పుడు స్థలం బేరం మాట్లాడండి. నాకు అలాగే అనిపించింది, ఉండిపోయాను.

సిక్కోలు నర్సమ్మ

హవల్దారు గారికి నమస్కారం. నేను ముప్పై ఏళ్లు నర్సుగా పనిచేశాను. మీరు అడగని విషయం ఒకటి చెప్పవలసి ఉంది.

ఎత్తైన చోట్ల బరువులు మోసి వచ్చిన జవాన్లలో మోకాళ్ల నొప్పులు, నడుము నొప్పి లేనివారిని నేను చాలా తక్కువగా చూశాను. వారిలో చాలామంది నొప్పి బిళ్లలు ఏళ్ల తరబడి సొంతంగా కొనుక్కొని వేసుకుంటారు. మీకు ఆ అలవాటు ఉంటే ఈ తీరానికి వచ్చే ముందే మానుకోవాలి. చెమట రూపంలో నీరు పోయి, తిరిగి తగినంత తాగక ఒళ్లు ఎండిపోయి ఉన్నప్పుడు ఆ బిళ్లలు మూత్రపిండాలకు అందే రక్తాన్ని ఇంకా తగ్గిస్తాయి. చలిలో దాహం తెలియక నీళ్లు తక్కువ తాగడం అలవాటైనవారు ఇక్కడ కూడా అలాగే ఉంటారు. దాహం వేసినా వేయకపోయినా గంట గంటకూ తాగడం మీరు నేర్చుకోవాలి.

బారువ ఉద్దానం పరిధిలోకి వస్తుంది. ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాలలో షుగరు, బీపీ లేనివారికి కూడా మూత్రపిండాలు దెబ్బతింటున్నాయన్నది మీ భార్యకు పుట్టింటి సంగతిగానే తెలిసి ఉంటుంది. ఎన్నో పరిశోధనలు జరిగినా ఇదీ కారణం అని ఇంతవరకు తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. హిరమండలం రిజర్వాయరు నుంచి ఈ ఏడు మండలాలకు మంచినీరు తెచ్చే పథకం కూడా అప్పుడే మొదలైంది. అక్కడ వేలాది కుటుంబాలు ఇప్పటికీ బతుకుతున్నాయి, మా అక్క కుటుంబం కూడా అక్కడే ఉంది. కాబట్టి అక్కడికి వెళ్లవద్దు అని నేను అనను. కానీ నుయ్యి నీళ్లు పరీక్ష చేయించకుండా తాగవద్దు. మీరు, మీ భార్య ఇద్దరూ మూత్రపిండాల పనితీరు తెలిపే సీరం క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్ పరీక్షలు ఇప్పుడే చేయించుకోండి, ఆ తరువాత ఏడాదికి రెండుసార్లు చేయించండి. మీకు ఈసీహెచ్‌ఎస్ (మాజీ సైనికుల వైద్య పథకం) వస్తుంది కాబట్టి ఖర్చు సమస్య కాదు.

చెమటకాయలకు ఉదయం సాయంత్రం చన్నీటి స్నానం, పలచటి నూలు బట్ట చాలు. గజ్జల్లో తామర వస్తే మందుల దుకాణంలో ఇచ్చే కలగలుపు మలాము రాసుకోకండి. స్టెరాయిడు కలిసిన మలాముతో మొదట తగ్గినట్టు ఉండి ఆ తరువాత ఒళ్లంతా పాకుతుంది. చర్మవైద్యుడికి చూపించండి.

భోగాపురం మేస్త్రి

నాకు తెలిసినది ఇల్లు కట్టడం ఒక్కటే గనుక ఆ మట్టుకే చెబుతాను. చింతపల్లి, ముక్కాం వైపు ఒడ్డున కట్టిన ఇళ్లకు పదేళ్లు తిరగకుండానే స్లాబు పెచ్చులూడి ఊచలు బయటపడటం నేను చూస్తూనే ఉన్నాను. ఉప్పు గాలి కాంక్రీటులోకి దిగి లోపలి ఇనుమును తుప్పు పట్టిస్తుంది, తుప్పు ఉబ్బి కాంక్రీటును పగలగొడుతుంది. తీరంలో కట్టే కట్టడానికి భారతీయ ప్రమాణాల ప్రకారం కాంక్రీటు బలం ఎం30 గ్రేడుకు తగ్గకూడదు, ఊచల మీద కవరు, అంటే వాటిని కప్పే కాంక్రీటు మందం, 45 మిల్లీమీటర్లు ఉండాలి. లోపలి ఊళ్ల పనికి అలవాటుపడినవారు పాతిక మిల్లీమీటర్లతో సరిపెట్టేస్తారు, కాబట్టి పోత పోసే రోజున మీరే దగ్గరుండి కొలవండి. ఒడ్డున దొరికే ఇసుక ఒక్క బస్తా కూడా వాడనివ్వకండి. క్యూరింగుకు (పోసిన కాంక్రీటును తడపడానికి) కూడా ఉప్పునీళ్ల నుయ్యి పనికిరాదు, ట్యాంకరు తెప్పించుకోవాలి. రేకుల కప్పు చవకే గాని తుపాను గాలికి నిలవదు. మన తీరంలో సముద్రం ఇంటికి ఆగ్నేయంగా ఉంటుంది గనుక పడక గదిని అటువైపే పెట్టుకొని, గట్టి తలుపు రెక్కలున్న కిటికీలు పెట్టించండి.

జిరాయితీ

రెవెన్యూ శాఖలో పనిచేసి విరమించినవాడిని. స్థలం ఒడ్డుకు అర కిలోమీటరు లోపల ఉందన్నారు కాబట్టి తీరప్రాంత క్రమబద్ధీకరణ నియమాలు దానికి వర్తిస్తాయి. పోటు నీరు చేరే గరిష్ఠ రేఖ నుంచి 500 మీటర్ల వరకు ఆ నియమాల పరిధి ఉంటుంది. గ్రామీణ తీరంలో మొదటి 200 మీటర్లలో కొత్త నిర్మాణానికి సాధారణంగా అనుమతి దొరకదు. కళింగపట్నంలో వంశధార సముద్రంలో కలుస్తుంది గనుక, ఆటుపోట్ల నీరు ఎక్కివచ్చే నదీ పాయల వెంబడి కూడా ఈ ఆంక్షలు ఉంటాయన్నది చాలామంది మరచిపోతారు. పక్కన ఇల్లు ఉంది కదా అన్న ధైర్యం పనికిరాదు. ఆ ఇల్లు నియమాల కన్నా పాతది కావచ్చు.

రెండోది, భూమి జిరాయితీయా (సొంత హక్కు ఉన్న పట్టా భూమి), డి పట్టాయా (ప్రభుత్వం కేటాయించిన అసైన్డ్ భూమి) అన్నది చూడాలి. నిరుపేదలకు ప్రభుత్వం ఇచ్చిన అసైన్డ్ భూములను అమ్మడం, కొనడం 1977 నాటి చట్టం నిషేధించింది. ఆ తరువాత సడలింపులు కొన్ని వచ్చాయని చెప్పి అమ్మజూపేవారు ఉంటారు. అమ్మేవారి మాట, మధ్యవర్తి మాట కాకుండా, రిజిస్ట్రేషను కుదరని భూముల 22-ఎ నిషేధిత జాబితాలో ఆ సర్వే నంబరు ఉందో లేదో సబ్‌రిజిస్ట్రారు కార్యాలయంలో చూసుకోండి. ముప్పై ఏళ్ల ఈసీ (ఆ భూమి మీద జరిగిన అమ్మకాలు, తాకట్ల పత్రం) తీయించండి, 1-బి, అడంగల్ అనే రెవెన్యూ రికార్డులు సరిచూడండి, సర్వేయరుతో కొలిపించండి. తోట విషయంలో బావమరిది గారే మధ్యవర్తి అయినా ఈ వరస మార్చవద్దు. కాగితాలు అడగడం చుట్టరికాన్ని అవమానించడం కాదని ఆయనకు ముందే చెప్పండి.

వాడబలిజ కుర్రాడు

అన్నగారూ, బతుకుతెరువు గురించి అడిగారు కాబట్టి రాస్తున్నాను. సముద్రం పక్కన ఉంటే ఏదో ఒకటి దొరుకుతుందన్న భరోసా పెట్టుకోకండి. సముద్రంలో పుట్టినవాళ్లమే దాని మీద బతకలేక గుజరాత్‌లోని వేరావల్ దాకా వెళ్లి ఇతరుల బోట్ల మీద పనిచేస్తున్నాం. 2018 నవంబరులో అలా వెళ్లిన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల మత్స్యకారులను పాకిస్తాన్ పట్టుకుపోతే, 2020 జనవరిలో గాని ఇరవై మంది విడుదలై రాలేదు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు వేట నిషేధంతో మరబోట్లు కదలవు. పింఛను సొమ్ముతో బోటులో వాటా కొనమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి.

కొబ్బరితోట కూడా వెంటనే చేతికి అందేది కాదు. తిత్లీకి ఉద్దానంలో కొబ్బరి, జీడి చెట్లు వేళ్లతో సహా పడిపోయాయి. కొత్తగా నాటిన కొబ్బరి కాపుకు రావడానికి ఐదు నుంచి ఏడేళ్లు పడుతుంది. మీరు కొనబోయే తోటలో ముదురు చెట్లు ఎన్ని, తుపాను తరువాత నాటినవి ఎన్ని అన్నది లెక్కపెట్టి చూడండి.

మీరు తుపాకి తప్ప ఏమీ తెలియదని రాశారు. మా ఊళ్లో నాలాంటి కుర్రాళ్లు ఇరవై మంది తెల్లవారుజామున ఇసుకలో పరుగెత్తుతున్నాం. సైన్యం ర్యాలీలో 1.6 కిలోమీటర్ల పరుగు, బీమ్ మీద పుల్‌అప్‌లు ఎలా సాధన చెయ్యాలో చెప్పేవారు మాకు లేరు. పట్నంలో శిక్షణ కేంద్రాలకు ఫీజులు కట్టలేక ఫోనులో వీడియోలు చూసి నేర్చుకుంటున్నాం; గత ర్యాలీ పరుగులో నాకు కొద్ది సెకన్ల తేడాతో అవకాశం పోయింది. మీరు ఒడ్డున ఎక్కడ స్థిరపడినా నెలకు కొంత తీసుకొని మాలాంటివారికి శిక్షణ ఇవ్వగలరేమో ఆలోచించండి. ఉచితంగా చెప్పమని మేము అడగడం లేదు.

సోంపేట ఆడపడుచు

అన్నయ్యగారూ, మీ ప్రశ్నను రెండుసార్లు చదివాను. చలి గురించి, స్థలం గురించి, పింఛను గురించి రాశారు. వదినగారు ఏమన్నారో మాత్రం ఎక్కడా రాయలేదు.

నా భర్త కూడా సైన్యంలోనే పనిచేశారు. ఆయన లేని పద్దెనిమిదేళ్లలో నేను ఒక వీధిని, పాలవాడిని, పిల్లల బడిని, అర్ధరాత్రి జ్వరం వస్తే తలుపు తట్టగల ఇద్దరు పొరుగు ఆడవాళ్లను సంపాదించుకున్నాను. ఆయన విరమించి వచ్చిన నెలకే మనం ఊరు మారుతున్నాం అన్నారు. ఆయన కొత్త జీవితం మొదలుపెడుతున్నానని సంతోషపడుతుంటే, నేను కట్టుకున్నదాన్ని విప్పుకోవలసి వచ్చిందని చెప్పడానికి నాకు నోరు రాలేదు. చెప్పకపోవడం నా తప్పే.

పుట్టింటి పక్కన తోట అంటే ఆడదానికి సంతోషమే అని మగవారు అనుకుంటారు. గట్టు దగ్గర, నీళ్ల దగ్గర మాట వస్తే అటు తమ్ముడు, ఇటు భర్త మధ్య నిలబడవలసినది ఆమే. పైగా మీ పాపకు వచ్చే ఏడు పదో తరగతి. దయచేసి ముందు వదినగారిని అడగండి, ఆమె వెంటనే సరే అంటే రెండు రోజులు ఆగి మళ్లీ అడగండి.

పాలకొండ జవాను

అందరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. నాలుగు రోజులు ఆలస్యంగా రాస్తున్నందుకు మన్నించాలి. ఇక్కడ మంచు పడి సిగ్నలు లేదు.

ఈ సమాధానాలన్నీ నా భార్యకు పంపించాను. సోంపేట చెల్లెమ్మ చెప్పినట్టే రెండుసార్లు అడిగాను. మొదటిసారి మీ ఇష్టం అంది. రెండోసారి అడిగేసరికి చాలాసేపు మాట్లాడింది. పాప పదో తరగతి పరీక్షలు అయ్యేదాకా విజయనగరం ఇల్లు వదలనని, బాబును ఆరో తరగతికి కోరుకొండ సైనిక్ స్కూలు ప్రవేశ పరీక్షకు సిద్ధం చెయ్యాలని తాను ఎప్పుడో అనుకుందని, ఆ మాట నాతో చెప్పే వీలు చిక్కలేదని చెప్పింది. కళింగపట్నంలో నేను ఒక్కడినే ఏడాది ఉండి చూడమంది. ఇన్నాళ్లూ మీరు సెలవుకు వచ్చారు, ఇప్పుడు పిల్లలకు సెలవులిస్తే మేము వస్తాం అంది.

బావమరిదికి తానే ఫోను చేసి దీపావళి దాటేదాకా తోట మాట ఎత్తవద్దని చెప్పిందట. అతను కొంత చిన్నబుచ్చుకున్నాడు, నేను వచ్చాక స్వయంగా వెళ్లి మాట్లాడతాను. నర్సమ్మగారూ, మోకాళ్లకు బిళ్లలు వేసుకునే అలవాటు నాకు ఆరేళ్లుగా ఉంది. ఇక్కడి డాక్టరుగారికి ఆ విషయం చెప్పి రక్తపరీక్షకు ఇచ్చాను. క్రియాటినిన్ ప్రస్తుతానికి సరిగానే ఉందన్నారు, బిళ్లలు మాత్రం పూర్తిగా ఆపించారు.

తమ్ముడూ, మీ ఊరి కుర్రాళ్లు పరుగెత్తేది కళింగపట్నానికి ఎంత దూరమో రాయి. దగ్గరైతే నీతోనే మొదలుపెడదాం. నేను కూడా వేడికి అలవాటుపడాలి కాబట్టి మొదటి రెండు వారాలు మీతో పరుగెత్తను, గడియారం పట్టుకొని నిలబడతాను.

వంశధార ఒడ్డు సుబేదారు గారికి ఒక విన్నపం. ఏప్రిల్ మొదటి వారం నుంచి ఒక మనిషికి సరిపోయే చిన్న ఇల్లు అద్దెకు కావాలి. పెంకుటిల్లు అయినా ఫరవాలేదు. తియ్యనీళ్ల నుయ్యి దగ్గరలో ఉండాలి, సముద్రం వైపు ఒక కిటికీ ఉండాలి, పిల్లలు వచ్చినప్పుడు పడుకోవడానికి అరుగు ఉంటే చాలు. మీ వీధిలో అలాంటిది ఉంటే దయచేసి చెప్పండి.